అడగకుండా ఎత్తిన దుప్పటి

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. ఇది రాజుల కథ కాదు, రాణుల కథా కాదు. ఆసుపత్రిలో రోగుల ఒళ్ళు తుడిచే ఒక ఆయా కథ. వినియోగదారుల ఫిర్యాదులు వినే ఆఫీసు వరండాలో, ఒక పొద్దుటిపూట, లోపలికి పిలిచేదాకా బెంచీ మీద కూర్చుని ఆమె ఏమేం తలుచుకుందో చెబుతాను. గంటసేపటి ముచ్చటే. కానీ మనసు గడియారం చూసి నడుస్తుందా ఎక్కడైనా? గంటలో అది ఎన్ని ఇళ్ళు తిరిగొస్తుందో, ఎంతమంది పోయినవాళ్ళను పలకరించి వస్తుందో మీకే తెలుస్తుంది.

ఇనుప బెంచీ చల్లగా ఉంది. పక్కన కోడలు, ఒళ్ళో ఫైలు, ఫైలు మీద రెండు చేతులు. ఎదురు బెంచీ మీద ఆ షాపు మేనేజరు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. వీళ్ళ ఫిర్యాదు అతని మీదే. ఆయాను ఒక్క మాట అడగకుండా, ఆమె పేరు మీదున్న అప్పుల చరిత్రంతా కంప్యూటర్లోకి లాగి చూశాడని. నేల ఇప్పుడే తుడిచి వెళ్ళినట్టున్నారు, ఫినాయిల్ వాసన ముక్కుకు కొడుతోంది. తుడిచారన్న పేరేగాని మూలలు వదిలేశారు, మా వార్డులో ఇలా తుడిస్తే హెడ్ సిస్టరు ఊరుకుంటుందా, అనుకుంది ఆయా. అలా అనుకున్నదే ఆలస్యం, ఆ వాసన పట్టుకుని ఆమె మనసు వార్డులోకి నడిచి వెళ్ళిపోయింది. ఈపాటికి స్నానాల వేళ. గోరువెచ్చటి నీళ్ళ బేసిను, రెండు తువాళ్ళు, వీపుకు రాసే పౌడరు డబ్బా. మంచంలో పడి ఉన్న మనిషి ఒళ్ళు తుడవాలంటే మొత్తం దుప్పటి లాగెయ్యకూడదు. ఒక చెయ్యి బయటికి తీసి, తుడిచి, ఆరబెట్టి, కప్పి, ఆ తర్వాతే రెండో చెయ్యి. వీపు తుడవాలంటే మనిషిని తనవైపు తిప్పుకోవాలి, అవతలికి తిప్పితే పడిపోతానని భయపడతారు. ఇదంతా ఏ ఆయాకైనా తెలిసిన పనే. కానీ ఈమెకు ఇంకో అలవాటు ఉంది, వార్డంతా నవ్వుకునే అలవాటు. దుప్పటి మీద చెయ్యి వేసే ముందు అడుగుతుంది. "దుప్పటి తియ్యనా అమ్మా?" "కుడి చెయ్యి తుడుస్తానయ్యా, తియ్యనా?" తెలివి ఉన్నవాళ్ళనే కాదు, లేనివాళ్ళను కూడా. కొత్తగా చేరిన నర్సు ఒకమ్మాయి పడీపడీ నవ్వింది. "ఆయమ్మా, ఆయనకు మూడు రోజుల్నించి స్పృహే లేదు. నీకు జవాబు చెప్పాలంటే ఆయన లేచి రావాలి." "ఆయన చెప్పలేడు తల్లీ, నేను అడగగలను కదా. నా నోరేం పడిపోలేదుగా!" అంది ఆయా, దుప్పటి కొస పట్టుకుని, ఒక్క క్షణం ఆగి. ఆ ఒక్క క్షణం ఆగడమే ఆమెకు ముఖ్యం. ఎవరూ నేర్పలేదు. ఎవరి ఒళ్ళు వాళ్ళది కదా, కళ్ళు మూసుకుని పడుకున్నంత మాత్రాన అది ఆసుపత్రి సొత్తు అయిపోతుందా?

మేనేజరు కాలు ఊపుతున్నాడు. తళతళలాడే బూట్లు. షాపు నేల కూడా ఇలాగే తళతళలాడింది ఆ రోజు, చెప్పులు విప్పి రావాలేమోనని గుమ్మంలో ఆగింది ఆయా. కోడలు నవ్వి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. బట్టలుతికే మిషను కొందామని వెళ్ళారు. ఆయా వేళ్ళు వంగడం మానేసి చాలా కాలమైంది, తడి దుప్పట్లు పిండి పిండి కణుపులు అల్లం కొమ్ముల్లా అయిపోయాయి. డబ్బు రుమాల్లో కట్టి, రుమాలు సంచిలో పెట్టి, సంచి చంకలో పెట్టుకుని వెళ్ళింది. ఎంతైతే అంత, అక్కడికక్కడే ఇచ్చేసి రావాలని. "ముందునుంచి వేసేదైతే నడుం వంచాలి, పైనుంచి బట్టలు వేసేదే చూపించు బాబూ," అని అడిగి మరీ ఒకటి ఎంచుకుంది, మూత ఎత్తి చూసింది, లోపల చెయ్యి పెట్టి తిప్పింది, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినంత శ్రద్ధగా చూసింది. మేనేజరు స్వయంగా వచ్చాడు. "ఇంటికి పంపిస్తాం అమ్మగారూ, అడ్రసు కోసం మీ గుర్తింపు కార్డు ఒకసారి ఇవ్వండి." అడ్రసు కోసమే కదా అని ఇచ్చింది. ఆ షాపు పద్ధతి తర్వాత తెలిసింది. ఎవరి కార్డు చేతికొచ్చినా ముందు వాళ్ళు ఎక్కడెక్కడ అప్పు చేశారో, ఎలా తీర్చారో లాగి చూస్తారు. బాగుంటే వాయిదాల పథకం అంటగడతారు, బాగోకపోతే ముఖం మారుస్తారు. అతను తల ఎత్తలేదు. తెర వైపే చూస్తూ, అటు చివర టీవీల దగ్గరున్న వాళ్ళకు కూడా వినపడేట్టు అన్నాడు. "అమ్మగారూ, మీకు వాయిదాలు రావండీ. ఏదో పాత ఆసుపత్రి లోను, కిస్తీలు తప్పినట్టు చూపిస్తోంది. ఒకటి కాదు, వరసపెట్టి." తలలు తిరిగాయి. ఒకావిడ తన సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "నేను వాయిదాలు అడగలేదే బాబూ," అంది ఆయా. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు, మిగతావాళ్ళకేం వినపడుతుంది! రుమాలు ముడి విప్పబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

బస్సులో కోడలు కిటికీవైపు కూర్చుని ఏమీ మాట్లాడలేదు. ఏ లోను అత్తయ్యా అని అడిగితే బాగుండు, తిట్టినా బాగుండు. అసలే ముంగి, అవునంటే అవును కాదంటే కాదు, మాటకు మాట పేర్చదు. కాపురానికి వచ్చిన కొత్తలో, ఈ పిల్లకు గర్వం కాబోలు అనుకుంది ఆయా. ఇక నా బతుకు ఈ పిల్ల కళ్ళలో చులకనైపోయింది అనుకుంది ఆ రోజు బస్సులో. మర్నాడు పొద్దున్న కోడలు పళ్ళేలు తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "అత్తయ్యా, వాళ్ళు మిమ్మల్ని అడిగారా?"

"ఏమని?"

"చూడమంటారా అని."

"లేదు."

"మరెందుకు చూశారు?" అప్పుడు ఇటు తిరిగింది. "ఆ లోను సంగతి నేను అడగను. మీకు చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే లేదు. నేను వాళ్ళ సంగతి అడుగుతున్నాను."

ఇప్పుడు బెంచీ మీద కూర్చుని, పక్కనున్న ఆ పిల్ల చేతుల వైపు చూసింది ఆయా. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకున్న చేతులు, బడి ఆఫీసులో రోజంతా టైపు చేసే చేతులు. కోడలే ఎక్కడెక్కడో కనుక్కుంది, ఎవరెవరినో అడిగింది. మన ఒప్పుకోలు లేకుండా అలా చూడకూడదట, చూస్తే ఆ చూసినట్టు కూడా మన పేరు మీద గుర్తు పడిపోతుందట. ‘అడగందే అమ్మైనా పెట్టదంటారు, వీళ్ళు అడగకుండానే నా పొయ్యిలో బూడిద కూడా గెలికేశారన్నమాట’ అని ఆయా అంటే, ముంగి అనుకున్న కోడలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. నా కోడలు, అనుకుంది. నా కోడలు నన్ను అడగలేదు. దుప్పటి ఎత్తి చూడలేదు. ఈ ఇంట్లో నాలాంటిది ఇంకొకర్తె ఉంది.

"పెద్దమ్మగారూ." మేనేజరు ఎప్పుడు లేచి వచ్చాడో, ముందు వంగి నిలబడ్డాడు. గొంతులో తేనె. "ఎందుకండీ ఈ తిప్పలు? మీరు మెచ్చుకున్న ఆ మిషనే, సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటుంది. ఊరికే. ఇదిగో, ఇక్కడొక సంతకం పెట్టండి. మీ అనుమతితోనే చూశామని, మీరే పొరపాటు పడి ఫిర్యాదు చేశారని. అంతే." కాగితం తెల్లగా, పెన్ను నల్లగా. కోడలు చదివి, మడిచి, అత్తగారి చేతిలో పెట్టింది. "మీ ఇష్టం అత్తయ్యా. ఎటన్నా నేను మీ పక్కనే." అతను మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. పిలిచేలోపు చెప్పండి అన్నట్టు తలుపు వైపు చూపించాడు.

ఊరికే. మూత ఎత్తి బట్టలు పడేస్తే చాలు. తడి దుప్పటి పిండేటప్పుడు మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా పాకే ఆ నొప్పి ఇక ఉండదు. సంచిలో రుమాలు ముడి కూడా విప్పక్కర్లేదు. ఏముంది, ఒక సంతకం, జీతాల పుస్తకంలో ఎన్ని పెట్టలేదు. కాగితం మడత మీద బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చుంది. అంతలో మెట్ల మీద చప్పుడు. ఎప్పుడూ రెండేసి మెట్లు ఎక్కే అడుగులు, తండ్రివే ఆ అడుగులు. కొడుకు వచ్చేశాడు, పూట సెలవు పెట్టి, చొక్కా వీపుకు అంటుకుపోయి. వీడు రాకుంటే బాగుండును అని రాత్రే మొక్కుకుంది పాపం.

"ఇంకా పిలవలేదా అమ్మా? భయపడకు." పక్కన కూర్చుని ఆమె మోకాలు తట్టాడు. మేనేజరు వైపు చూసి, వాడికి వినపడేట్టే అన్నాడు. "అసలు నీ పేరు మీద చూడ్డానికేముంది? పుట్టి బుద్ధెరిగాక ఒక్క పైసా అప్పు చెయ్యని మనిషివి!"

కోడలు ఫైలు సర్దుకుంది. ఆయా చేతిలో కాగితాన్ని ఇంకో మడత పెట్టింది. చూడండి, ఆమె భయం ఇదీ. మిషను కాదు, మేనేజరు కాదు, లోపలున్న అధికారి కూడా కాదు. లోపలికి వెళితే ఆ చరిత్ర చదువుతారు. చదివితే వీడు వింటాడు. ఇన్నేళ్ళు వీడికి తెలియకుండా కడుపులో దాచుకున్నది నలుగురి ముందు నేల మీద పడుతుంది. సంతకం పెడితే మిషనూ వస్తుంది, మాటా దాగుతుంది. రెండు లాభాలు. సంతకం పెట్టకపోతే ఏముంది? ఏమీ లేదు, వట్టి పంతం.

వీడి తండ్రి వర్క్‌షాపులో మెకానిక్కు. ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పగల మనిషి, తన లోపలి చప్పుడు వినిపించుకోలేదు. మంచం పట్టేనాటికి వీడికి పెద్ద పరీక్షలు. వైద్యానికి లోను తీసుకుంది ఆయా, తన పేరు మీద, తన జీతం చూపించి. "ఇదిగో, వాడికి చెప్పకు," అన్నాడు ఆయన, ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే, ఆమె తుడిచే వార్డులోనే పడుకుని. "తెలిస్తే పరీక్ష మానేసి పానా పట్టుకుంటాడు. నా కొడుకు గోళ్ళలో గ్రీజు ఉండకూడదే." "మరి డబ్బెక్కడిదంటే?" "మా వర్క్‌షాపు ఓనరు ఇచ్చాడని చెప్పు." అలా చెప్పింది. ఓనరుగారిని బతిమాలి ఒప్పించింది. ఆయన మంచివాడు, ఒప్పుకున్నాడు, పాపం ఆ ఒప్పుకున్న పాపానికి ఏమనుభవించాడో ఆయనకే తెలుసు. వీడు పరీక్ష పాసైనప్పుడు ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. మొదటి జీతం రాగానే స్వీటు డబ్బా పట్టుకెళ్ళాడు. అప్పట్నించి ఏటా డబ్బాయే. ఓనరుగారికి షుగరు. అయినా వీడు ఎదురుగా నిలబడి, "మీరు లేకపోతే మేం లేం సార్," అంటుంటే, తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేక, ఒక్కో ముక్కా మింగేవాడు. ఒకసారి ఆయన భార్య ఆయాను సందులో పట్టుకుంది. "వదినా, మీ వాడికి నిజమన్నా చెప్పు, మా ఆయనకు పచ్చి కూరలన్నా తీసుకు రమ్మను. ఈ కృతజ్ఞతతో మనిషిని చంపేట్టున్నాడు." నవ్వింది ఆయా అప్పుడు. ఇప్పుడు కూడా పెదవి కొస కదిలింది. కొడుకు అది చూసి, అమ్మకు ధైర్యం వచ్చిందనుకుని తనూ నవ్వాడు.

కిస్తీలు తప్పాయి. నిజమే. ఎందుకు తప్పవు? మగడు మంచంలో ఉంటే ఆమె డ్యూటీ ఎక్కడ చేసింది? చేతికి జీతమెక్కడొచ్చింది? ఆయన దుప్పటి దగ్గర కూడా అడిగేది. "తియ్యనా?" అని. "నువ్వు కూడా అడగాలా?" అనేవాడు, ఊపిరందక నవ్వుతూ. అయినా అడిగేది. చివర్లో ఆయన పలకలేనప్పుడు కూడా అడిగింది. ఆయన పోయాక, పదమూడో నాడు ఏడుపు తుడుచుకుని డ్యూటీకి వెళ్ళింది. పగలు ఒక వార్డు, సాయంత్రం ఇంకో వార్డు. చెప్పులు అరిగాయి, జుట్టు నెరిసింది, కొడుకు చదువు ఆగలేదు, అప్పు ఆగలేదు. తప్పినవీ కట్టింది, తప్పినందుకు పడ్డ దండగా కట్టింది. ఆఖరి కిస్తీ కట్టిన రోజు, లోను ఆఫీసులోంచి బయటికి వచ్చి ఎండలో మెట్ల మీద నిలబడింది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. అరె, తీర్చేశానర్రా, ఒక్క పైసా మిగల్చకుండా తీర్చేశాను అని. ఎవరికి చెబుతుంది? కొడుక్కి చెప్పకూడదు. ఆయన లేడు. మెట్ల పక్కన చెప్పులు కుట్టే మనిషి తలెత్తి చూస్తే, "ఇవాళ ఎండ బాగుంది కదయ్యా," అంది. "బాగుండటమేంటమ్మా, మాడిపోతుంటే!" అన్నాడతను. అంతే, ఆమె జీవితంలోకెల్లా పెద్ద పండగ అలా జరిగింది.

మడిచిన కాగితం చేతిలో మెత్తబడిపోయింది. ఆయాకు ఉన్నట్టుండి కోపం వచ్చింది, కోపం అంటే అరిచే కోపం కాదు, వెన్ను నిటారుగా చేసే కోపం. ఈ మేనేజరు సగమే చదివాడు కదా! తప్పినవి చదివాడు. తీర్చినవి చదవలేదు. ఆ కింద తీరిపోయిందని కూడా ఉందట, నేను చదవమన్నాకే చదివి కోడలు చెప్పింది. అడగకుండా ఎత్తాడు, ఎత్తి సగం చూశాడు, చూసిన సగం ఊరికి చాటాడు. ఇప్పుడేమో నేను ఎత్తమన్నానని సంతకం పెట్టాలట. ఎవరి కోసం దాస్తున్నానిదంతా? పిల్లాడు పానా పట్టుకుంటాడని కదా దాచమన్నాడాయన. పట్టుకోలేదుగా! ఇదిగో, పక్కన కూర్చున్నాడు, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఇక ఇది సిగ్గుపడే మూట ఎలా అయింది? ఇది నేను మోసిన మూట. నేను దించాల్సిన మూట. ఎక్కడ దించాలో ఈ మేనేజరెవడు చెప్పడానికి?

తలుపు దగ్గర మనిషి పేరు పెట్టి పిలిచాడు. మేనేజరు ఆత్రంగా చూశాడు. ఆయా కాగితం అతని చేతిలో పెట్టి, "మిషను బాగుంది బాబూ, నువ్వే ఉంచుకో," అని లోపలికి నడిచింది.

చిన్న గది. పొడుగాటి బల్ల, బల్ల వెనక అధికారి, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకున్న ఒక పెద్దావిడ. మేనేజరు ముందు మాట్లాడాడు. కార్డు ఇచ్చారంటేనే ఒప్పుకున్నట్టని, ఇది తమ పద్ధతని, చూడటం వల్ల అమ్మగారికి పోయిందేమీ లేదని, పైగా ఆవిడ చరిత్రలో ఉన్న లోపాల వల్లే ఈ ఉడుకుమోత్తనమని. "లోపాలా?" అంటూ అధికారి ఫైల్లోంచి ఒక కాగితం తీసి, అద్దాలు పైకి నెట్టుకుంది. "ఇందులో ఏముందంటే..."

"ఆగండమ్మా." ఆయా లేచి నిలబడింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "అది నా సంగతి. మీరు చదవొద్దు. నేనే చెబుతాను."

అధికారి కాగితం బోర్లా పెట్టింది. "చెప్పండమ్మా."

ఆయా అధికారి వైపు చూడలేదు, మేనేజరు వైపు చూడలేదు. కొడుకు వైపు తిరిగి చెప్పింది. "ఒరే నాన్నా, మీ నాన్న వైద్యానికి డబ్బు ఓనరుగారు ఇవ్వలేదురా. నేను లోను తీసుకున్నాను. ఆయన మంచంలో ఉన్నన్నాళ్ళూ కట్టలేకపోయాను. ఆయన పోయాక మొత్తం కట్టాను. నీకు చెప్పొద్దన్నాడు, నీ చదువు కోసం. ఈ మాట నీకు ఎప్పుడు చెప్పాలో నేను అనుకోవాలి, ఎలా చెప్పాలో నేను అనుకోవాలి. ఈ అబ్బాయి నన్ను అడగకుండా తీసి, టీవీలు కొనేవాళ్ళకు చెప్పాడు. అందుకే వచ్చాను." అని, అధికారి వైపు తిరిగి, "అంతేనమ్మా," అంది.

కొడుకు లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో వాడికే తెలియదు. ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మీరు కూర్చోండి బాబూ," అంది అధికారి. వాడు కూర్చోలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, అయినా తల వంచలేదు. బడిలో బహుమతి అందుకునేటప్పుడు కూడా అంత నిటారుగా నిలబడలేదు వాడు. అధికారి ఇంకోసారి చెప్పలేదు. మేనేజరు వైపు తిరిగింది.

"ఈమెను అడిగారా?"

"మేడం, మా సిస్టంలో కార్డు నంబరు కొట్టగానే..."

"సిస్టం సంగతి నేను అడగలేదు. చూసే ముందు ఈమెను అడిగారా?"

అతను కాగితాలు తిరగేశాడు. ఆ కాగితాల్లో లేదది. మొదటిసారి తల ఎత్తి ఆయా ముఖం చూశాడు. "లేదు మేడం."

క్షమాపణ రాసివ్వాలని, ఆమె పేరు మీద పడిన ఆ గుర్తు తీయించాలని, ఇక మీదట ఎవరిదైనా సరే, ముందు చెప్పి, ఒప్పుకున్నాకే చూడాలని తీర్పు చెప్పింది ఆవిడ. వరండాలోకి వచ్చాక కోడలు అత్తగారి చీర కుచ్చిళ్ళు సర్దింది. సర్దే ముందు, "సర్దనా అత్తయ్యా?" అని అడిగింది ఆ మొండి పిల్ల, నవ్వాపుకుంటూ. కొడుకు తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ వంకరపోయిన కణుపుల్ని ఒక్కొక్కటీ తడిమి చూస్తూ మెట్లు దిగాడు. రెండేసి కాదు, ఒక్కొక్కటే, ఆమెతో పాటు.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకు చెప్పండి, వాళ్ళ పిల్లలకు చెప్పమని చెప్పండి. చెప్పేటప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఇంతా చేసి ఆ ముసలిదానికి ఏమొచ్చింది అని. మిషను రాలేదనే చెప్పండి, దాచకండి. నలుగురి మధ్య అతని నోట ‘లేదు’ అన్న మాట వచ్చిందని చెప్పండి. ఆమె మాట ఆమె నోటితోనే కొడుక్కి చేరిందని చెప్పండి. కూర్చోమన్నా వాడు కూర్చోలేదని, అది మాత్రం మరిచిపోకండేం.